సొరుగులో పాత చిరునామా

కరంగ్‌సారి, వొనొసోబో
7 మార్చి 2011

లేఖ సంఖ్య: 01/స.తో./III/2011
విషయం: సొరుగులోని బొమ్మలు పలకకపోవడం గురించి
జతపరచినవి: పొగాకు, ఒక పొట్లం

శ్రీ తుర్ముది గారికి,

తమరి క్షేమం కోరుతూ తెలియజేయునది ఏమనగా, ఈ లేఖ రాయుచున్న నేను తమరికి పూర్వపరిచితుడను. కరంగ్‌సారి గ్రామ కార్యదర్శిగా ఇరవై ఆరేళ్ళు పనిచేసి, 2008లో విశ్రాంతి పొంది, ప్రస్తుతం గ్రామ సమాధుల తోటకు జీతం లేని నమోదు అధికారిగా ఉన్నాను. ఈ పదవికి ఎవరూ పోటీ పడలేదు. తమరి చిరునామాను తమరి పిన్ని కూతురి వద్ద మూడు పర్యాయాలు అడిగిన మీదట పొందాను. ఆమె ఫోన్ నంబరు కూడా ఇవ్వబోయింది, తీసుకోలేదు. పన్నెండేళ్ళుగా మాట్లాడని మనిషితో ఫోన్‌లో మొదటి మాట ఏమనాలో ఏ నిబంధనావళిలోనూ లేదు.

ఇక విషయం. మండల కార్యాలయం వారు పారవేయదలచిన కంప్యూటర్ ఒకటి రెండేళ్ళ క్రితం మా గ్రామానికి దక్కింది. సమాధుల నమోదు కోసం 1999లో తమరు రాసిన ప్రోగ్రామ్ పక్క ఊరివారి వద్ద నకలుగా మిగిలి ఉంది. వారు తమ సమాధులకు వాడుకుంటున్నారు. దానిని తెప్పించి ఇందులో పెట్టించాను. తెర అడుగున, అప్పట్లో తమరు అమర్చినట్టే, ఒక సొరుగు కూడా ఏర్పాటు చేయించాను. సొరుగును నొక్కితే నాలుగు బొమ్మలు పైకి విప్పుకుంటాయి: నమోదు, వెతుకుట, పటము, అచ్చు. జనవరి నుంచి వీటిలో దేనిని నొక్కినా ప్రోగ్రామ్ తెరుచుకోవడం లేదు. ఒక చిన్న పెట్టె వచ్చి ఏదో చెప్పి పోతుంది.

జూలై 22, శుక్రవారం, న్యాద్రన్. రంజాన్‌కు ముందు సమాధులు శుభ్రం చేసి పూలు చల్లే ఆనాడు జకార్తా నుంచీ సురబాయా నుంచీ బస్సులు దిగినవాళ్ళందరూ అడిగేది ఒకటే: "మా తాత ఎక్కడ?" 2001లో కొండచరియ జారి చెక్క గుర్తులన్నీ చెల్లాచెదురైన తరువాత, ఊళ్ళో వారినీ వీరినీ అడిగి నేను మళ్ళీ కూర్చిన పట్టిక తప్ప మరో ఆధారం లేదు. ఆ పట్టిక ఈ ప్రోగ్రామ్‌లో ఉంది. గత ఏడాది ఒక కుటుంబం తొందరపడి వేరొకరి తాత వద్ద గంటసేపు ఏడ్చి వెళ్ళింది. ఆ కన్నీటిని వెనక్కి తీసుకునే విధానం మా వద్ద లేదు.

తమరి తల్లిగారి సమాధిని ప్రతి సంవత్సరం నేనే శుభ్రం చేస్తున్నాను. ఇది పై విషయానికి సంబంధించినది కాదు. తెలియడం కోసం మాత్రమే.

భవదీయుడు,
విగ్న్యో


బాలిక్‌పాపన్
2 ఏప్రిల్ 2011

విశ్రాంత గ్రామ కార్యదర్శి గారికి,

మీ లేఖ అందింది. పొగాకు కూడా అందింది. నేను పొగ మానేసి ఏడేళ్ళయింది. రేవు కాపలాదారుకు ఇచ్చాను, బాగుందన్నాడు.

ఇక్కడి గిడ్డంగుల కార్యాలయంలో నేను కంప్యూటర్లు బాగుచేస్తాను. "ఇది తెరుచుకోవట్లేదండీ" అంటూ రోజుకు ఇరవైమంది వస్తారు. వాళ్ళను అడిగేవే మిమ్మల్నీ అడుగుతున్నాను. మీకోసం ప్రత్యేకంగా తయారుచేసినవి కావు.

సొరుగులోని బొమ్మలు మాత్రమే మొరాయిస్తున్నాయా, లేక తెర మీద విడిగా ఉన్న షార్ట్‌కట్ కూడానా? సొరుగు సంగతి వదిలేసి, ఫోల్డర్‌లోకి నేరుగా వెళ్ళి ప్రోగ్రామ్‌నే నొక్కితే ఏమవుతుంది? చిన్న పెట్టె వచ్చి "ఏదో" చెప్పి పోతుందన్నారు. ఆ ఏదో ఏమిటో అక్షరం పొల్లుపోకుండా రాయండి. ఇరవై ఆరేళ్ళు ఇతరుల మాటలు నమోదు చేసినవారికి ఇది కష్టం కాదు. సొరుగులోని బొమ్మ మీద మౌస్ కుడి మీట నొక్కితే వివరాల పెట్టె ఒకటి వస్తుంది. అందులో గమ్యం అని ఒక వరుస ఉంటుంది. దాన్ని చూసి కాపీ రాయండి. సరిదిద్దకండి. అందంగా రాయకండి. ఉన్నది ఉన్నట్టు రాయండి.

చివరగా, జనవరికి ముందు ఏం మార్చారు? ఈ ప్రశ్నకు అందరూ "ఏమీ మార్చలేదు" అంటారు. అది కాక మిగతాది రాయండి.

మా అమ్మ సమాధిని చూసుకుంటున్నందుకు కృతజ్ఞుణ్ణి. దానికి వేరే లేఖ సంఖ్య వేయనందుకు కూడా.

తుర్ముది


కరంగ్‌సారి
20 ఏప్రిల్ 2011

లేఖ సంఖ్య: 02/స.తో./IV/2011
విషయం: తమరి ప్రశ్నలకు సమాధానాలు
జతపరచినవి: ఏమీ లేవు (పొగాకు ఉపసంహరించడమైనది)

శ్రీ తుర్ముది గారికి,

తమరు సూచించిన పరీక్షలను 18వ తేదీ ఉదయం నిర్వహించాము. హాజరైనవారు: నేను, నా భార్య మర్సియెం. ఆమె కాఫీ ఇవ్వడానికి వచ్చి ఉండిపోయింది.

విడి షార్ట్‌కట్ తెర మీద ఒకటి ఉంది. దాన్ని ఎవరు పెట్టారో విచారించవలసి ఉంది. అది తెరుచుకుంటుంది. అయితే వెంటనే కాదు. నొక్కగానే కాసేపు ఆగి, దీపం పట్టుకుని ఎవరినో వెతుకుతున్నట్టుగా ఒక బొమ్మ కదిలి, తరువాత ప్రోగ్రామ్ వస్తుంది. ఫోల్డర్‌లోకి వెళ్ళి నేరుగా నొక్కినా వస్తుంది. సొరుగులోని నాలుగూ రావు. నేను తెరకు దగ్గరగా వంగి పరిశీలిస్తుండగా మర్సియెం, "ఏమండీ, అట్లా మొహంలో మొహం పెట్టి చూస్తే అది మాత్రం ఏం చెప్తుంది? మీరు ఆఫీసులో కూడా ఇట్లాగే చూసేవాళ్ళు, జనం భయపడి అబద్ధాలు చెప్పేవాళ్ళు" అన్నది. ఈ వ్యాఖ్య పరీక్షలో భాగం కాదు.

పెట్టె చెప్పిన మాట: "మీరు కోరిన వస్తువు ఈ చిరునామాలో లేదు." అంతే. ఎక్కడికి వెళ్ళిందో చెప్పదు. మా కార్యాలయంలో కొందరు గుమాస్తాలు ఇలాగే ఉండేవారు.

గమ్యం వరుసలో ఉన్నది: సి, రెండు చుక్కలు, వాలుగీత, జయనింగ్రత్, వాలుగీత, మకామ్. నాలుగు బొమ్మల్లోనూ మొదటి భాగం ఇదే.

మార్పులు: ఏమీ చేయలేదు. డిసెంబరులో కంప్యూటర్‌కు తరచుగా ఒంట్లో బాగుండక, రోజుకు మూడుసార్లు బిగుసుకుపోతున్నందున, పేర్లు మార్చి శాంతి చేసే తాత క్రోమో కొడుకు సలహా మేరకు నెలాఖరున పేరు మార్చడం మాత్రం జరిగింది. మోయలేనంత బరువైన పేరు పెట్టుకున్నవాళ్ళకు జబ్బులు వదలవని తమరికి తెలియనిది కాదు. ఆరో ఏట తమరికీ జరిగినదే. ఎర్ర జావ, తెల్ల జావ వండి, ఇరవైమందికి భోజనం పెట్టి, ఫోల్డర్‌కు జయనింగ్రత్ అన్న పేరు తీసి వరాస్, అంటే ఆరోగ్యం, అని పెట్టాము. అప్పటి నుంచి బిగుసుకుపోవడం తగ్గింది. ఇది మరమ్మతు కిందికి రాదు, శాంతి కిందికి వస్తుంది కనుక మార్పుల్లో చూపలేదు.

భవదీయుడు,
విగ్న్యో


బాలిక్‌పాపన్
11 మే 2011

పాక్ విగ్న్యో గారికి,

మీ సమస్య ఇది. షార్ట్‌కట్‌లో ప్రోగ్రామ్ ఉండదు. అది ఎక్కడుందో చెప్పే చిరునామా మాత్రమే ఉంటుంది. మీరు ఇంటి పేరు మార్చారు. తెర మీది విడి షార్ట్‌కట్‌కు వెతికే అలవాటుంది. చిరునామాలో మనిషి లేకపోతే వీధి వీధీ తిరిగి, కొత్త పేరుతో ఉన్నా పట్టుకుంటుంది. అందుకే ఆలస్యం. సొరుగులోని వాటికి ఆ అలవాటు లేదు. రాసిచ్చిన చిరునామా దగ్గరకు వెళ్ళి, లేరని చెప్పి వచ్చేస్తాయి. ఇల్లు అక్కడే ఉంటుంది. మనిషి లోపలే ఉంటాడు. పేరు ఒక్కటే వేరు.

దీన్ని రెండు విధాలుగా బాగుచేయవచ్చు. ఫోల్డర్‌కు పాత పేరు తిరిగి పెట్టవచ్చు. లేదా సొరుగులోని నాలుగు బొమ్మలకూ వివరాల పెట్టె తెరిచి, జయనింగ్రత్ ఉన్నచోట వరాస్ అని కొట్టవచ్చు. రెండోది చేయండి. నయమైనవాడికి పాత పేరు తిరిగి పెట్టకూడదని మా అమ్మ అనేది. నా పాత పేరేమిటో నాకే చెప్పలేదు.

మీ పని అయిపోయింది. ఇప్పుడు నాదొక ప్రశ్న.

1999 ఆగస్టులో నేను ఆరు రోజుల శిక్షణకు సెమరాంగ్ వెళ్ళాను. అప్పటి కంప్యూటర్ కూడా రోజుకు మూడుసార్లు బిగుసుకుపోయేది. అందులోని ఫోల్డర్ పేరు కూడా జయనింగ్రత్. మీరే పెట్టారు, కార్యాలయానికి గౌరవంగా ఉంటుందని. సోమవారం వచ్చి సొరుగు నొక్కాను. మనిద్దరం తాడు పట్టుకుని రెండు నెలలు కొలిచి ఎక్కించిన నాలుగు వందల పన్నెండు సమాధుల్లో ఒక్కటీ రాలేదు. మూడోసారి నొక్కేలోగా మీరు గది బయటకు పిలిచి, తలుపుకు కాగితం అంటించి ముద్ర వేశారు. "పాక్, పది నిమిషాలు ఇవ్వండి, లోపల ఏముందో చూస్తాను" అన్నాను. "విచారణ పూర్తయ్యేదాకా ఎవరూ ముట్టుకోకూడదు" అన్నారు. నిర్లక్ష్యం వల్ల గ్రామ రికార్డులు నశించాయని నివేదిక వచ్చింది. కింద మీ సంతకం. నా ఉద్యోగం పోయింది.

ఆ ఆరు రోజుల్లో మీరు జావ వండారా?

తుర్ముది


కరంగ్‌సారి
2 జూన్ 2011

తుర్ముదికి,

వండాము.

ఈ ఒక్క మాట రాయడానికి మూడు వారాలు పట్టింది. తక్కిన ఉత్తరం రాయడానికి ఒక ఉదయం సరిపోయింది. లేఖ సంఖ్య వేయలేదు. దీన్ని ఏ దస్త్రంలో పెట్టాలో తెలియలేదు.

ముందుగా, నువ్వు చెప్పినట్టు నాలుగు చోట్లా వరాస్ అని కొట్టాను. ఒక వేలితో, అయిదేసి ఇంగ్లీషు అక్షరాలు. సొరుగు తెరిచి నొక్కాను. వెంటనే వచ్చింది. మర్సియెం వెనక నిలబడి, "అంతేనా?" అంది. "ఇంతోటి దానికి ఆరు నెల్లా?" అంది. ఆరు నెలల సంగతి కాదు నాకు తట్టింది.

ఆ రోజు నువ్వు సెమరాంగ్‌లో ఉన్నావు. తాత క్రోమో బతికే ఉన్నాడు. కార్యాలయంలోకి వచ్చి కంప్యూటర్ చుట్టూ ఒకసారి తిరిగి, "దీని పేరేంట్రా?" అన్నాడు. చెప్పాను. "ఓరి మీ ఇల్లు బంగారం గానూ! రాజుల పేరు పెట్టి బియ్యం బస్తాల మధ్య కూచోబెట్టారు. జబ్బు చెయ్యక ఏం చేస్తుంది?" అని నవ్వాడు. జావ వండించాము. పేరు కొట్టింది నేనే. ఎలా కొట్టాలో అంతకు ముందు వారమే నువ్వే నాకు నేర్పావు. నాకు కంప్యూటర్ వచ్చునని అందరి ముందూ చూపించుకోవాలని కూడా ఉంది.

విచారణ నాడు మండలాధికారి అడిగాడు: "ఈ ఆరు రోజుల్లో దాన్నెవరైనా ముట్టుకున్నారా?" "లేదండి" అన్నాను. పేరు మార్చడాన్ని ముట్టుకోవడం అనరని నేను నిజంగా నమ్మాననీ, అందుకే అలా చెప్పాననీ పన్నెండేళ్ళుగా నాకు నేను చెప్పుకున్నాను. అది పూర్తిగా అబద్ధం కాదు. కానీ ఆ క్షణంలో నోటి దాకా వచ్చిన మాటను ఆపింది మరొకటి. ఆయన పట్నంలో చదివినవాడు. గ్రామ కార్యదర్శి కంప్యూటర్‌కు జావ పెట్టాడని జిల్లా అంతా చెప్పుకుని నవ్వుతాడు. నా పరువు కోసం ఊరుకున్నాను. నా పరువు ఖరీదు నీ ఉద్యోగమని అప్పుడు తోచలేదు. తోచినా ఏం చేసేవాణ్ణో ఇప్పుడు ధైర్యంగా చెప్పలేను.

విడి షార్ట్‌కట్‌లు వెతుక్కుంటాయని నువ్వు రాశావు. అప్పట్లో అవి కూడా ఉండి ఉంటే నాలుగు వందల పన్నెండూ నీ కళ్ళ ముందు నిలబడేవి. ఉండేవి కూడా, నువ్వు పెట్టావు. ఆఫీసు బల్ల మీద కాగితాలు చెల్లాచెదురుగా ఉండరాదు, తెరకూ ఇదే వర్తిస్తుంది, అన్నీ సొరుగులోనే ఉండాలి అని ఉత్తర్వు జారీచేసి తీయించింది నేనే. ఆ ఉత్తర్వు నకలు నా దగ్గర ఇప్పటికీ ఉంది. భాష చాలా బాగుంది.

ఆ ఏడు సెప్టెంబరులో జిల్లా నుంచి వచ్చిన మరమ్మతుదారు అంతా తుడిచేసి కొత్తగా ఎక్కించాడు. అంటే, నువ్వు సామాను సర్దుకుని ఓడ ఎక్కిన రోజున కూడా సమాధులన్నీ ఆ గదిలోనే ఉన్నాయి.

ఇంకొకటి ఉంది. మొదటి ఉత్తరంలోనే రాయవలసినది. 2004లో మీ అమ్మ పోయే ముందు నన్ను పిలిపించింది. "ఇదిగో కార్యదర్శీ, నన్ను మా ఆయన పక్కనే పెట్టు. తెలియనివాళ్ళ పక్కన పెడితే నాకు సిగ్గు" అంది. సరే అన్నాను. కానీ కొండచరియ జారిన తరువాత మీ నాన్న సర్పాన్ సమాధి ఎక్కడుందో నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. తవ్వేవాళ్ళు పారలు పట్టుకుని నిలబడ్డారు. నేను వేలు చూపి, "ఇక్కడే" అన్నాను. కార్యదర్శి చెప్పాడు కదా అని ఎవరూ అనుమానించలేదు. నా పట్టికలో ఆమెది ముప్పై ఒకటో సంఖ్య. పక్కన "భర్త సమీపంలో" అని నేనే రాసుకున్నాను.

విగ్న్యో


బాలిక్‌పాపన్
16 జూన్ 2011

విగ్న్యో అన్నకు,

మీ ఉత్తరం రేవు దగ్గర చదివాను. చదివి మళ్ళీ పనిలోకి వెళ్ళాను. ఒకాయన వచ్చి, "ఇది తెరుచుకోవట్లేదండీ" అన్నాడు. "ఏం మార్చారు?" అన్నాను. "ఏమీ మార్చలేదు" అన్నాడు. ఆయన మీద అరిచాను. ఈ ఉద్యోగంలో మొదటిసారి.

మీ మీద కోపం పన్నెండేళ్ళు జాగ్రత్తగా దాచుకున్నాను. మీరు ఒప్పుకుంటే హాయిగా ఉంటుందనుకున్నాను. లేదు. ఎందుకంటే నేను ఒప్పుకోవలసింది ఇంకా ఉంది.

విచారణలో మండలాధికారి నన్ను కూడా ఒక ప్రశ్న అడిగాడు. మీ నివేదికలో మూడో పేజీలో ఉంటుంది: "దీనికి నకలేమైనా ఉందా?" నేను లేదన్నాను.

ఉంది. శిక్షణలో చూపించడానికి రెండు ఫ్లాపీల మీద అంతా ఎక్కించుకుని వెళ్ళాను. ఆ ప్రశ్న అడిగినప్పుడు అవి నా చొక్కా జేబులోనే ఉన్నాయి. తీసి బల్ల మీద పెడదామనుకున్నాను. అంతలో మీరు పక్కనున్న గుమాస్తాకు మెల్లగా చెప్పారు: "నిర్లక్ష్యం అని రాసుకో." నేను జవాబు చెప్పక ముందే రాసుకోమన్నారు. జేబు మీద చెయ్యి వేసుకుని ఊరుకున్నాను. కావాలంటే నా దగ్గరికే రావాలి, వచ్చి బతిమాలాలి అనుకున్నాను. వచ్చే ఏడు న్యాద్రన్‌కైనా వస్తారనుకున్నాను. మీరు రాలేదు. మీకు తెలియదు కాబట్టి రాలేదన్నది నాకు తట్టలేదు.

ఫ్లాపీలు పాడవుతాయని ఇక్కడికి వచ్చిన ఏడాదే అచ్చు తీయించి పెట్టుకున్నాను. కొండచరియ సంగతి తెలిసింది. పంపలేదు. ఒక కవరు, ఒక తపాలా బిళ్ళ. అంతే కావలసింది. 2004లో అమ్మ పోయినట్టు తంతి వచ్చింది. ఓడ టికెట్టు కొన్నాను. రేవు దాకా వెళ్ళాను. ఎలాగూ చేరేసరికి నాలుగో రోజవుతుంది, ఖననం అయిపోయి ఉంటుంది, ఆ ఊళ్ళో మీ మొహం చూడాలి అనుకుని వెనక్కి వచ్చాను. పొగ మానేసింది ఆ రోజే. ఎందుకో తెలియదు, ఏదో ఒకటి మానాలనిపించింది.

మీరు వేలు చూపి "ఇక్కడే" అన్న ఉదయం, సరైన చోటు ఎక్కడో రాసి ఉన్న కాగితం నా ట్రంకు పెట్టెలో చొక్కాల కింద ఉంది.

తొమ్మిది పేజీలు జతపరుస్తున్నాను. మా నాన్నది నూట ఎనభై ఏడు. కొలతలన్నీ పెద్ద రాయి నుంచి. రాయి జారి ఉండదనుకుంటాను.

తుర్ముది


కరంగ్‌సారి
29 జూన్ 2011

తమ్ముడు తుర్ముదికి,

రాయి జారలేదు.

తొమ్మిది పేజీలూ పట్టుకుని, మనం వాడినటువంటి తాడే తీసుకుని, మసీదు పెద్ద ఖోలిల్‌ను వెంటబెట్టుకుని తోటకు వెళ్ళాను. తాడుకు రెండో కొస పట్టుకోవడానికి ఇప్పుడు మరొకరు కావలసి వచ్చింది. ఖోలిల్ ప్రతి ముడి దగ్గరా ఆగి, "ఇది ఖాయమేనా?" అంటాడు. నువ్వెప్పుడూ అలా అడిగేవాడివి కాదు.

మీ నాన్న దొరికాడు. రాయికి ఎడమ పక్క, నిలువునా పెరిగిన ఫెర్న్ మొక్కల కింద. మీ అమ్మ అక్కడి నుంచి ఇరవై మూడు అడుగులు ఎగువన ఉంది. పక్కన ఎవరున్నారో కూడా నీ పేజీల వల్లనే తెలిసింది. రాయడానికి చెయ్యి రావడం లేదు. సోయా గింజల తెంపే దిమ్మలు అమ్మే రుబియా. మీ అమ్మా ఆవిడా ఒకే సంతలో ఎదురెదురుగా కూర్చుని ఇరవై ఏళ్ళు పలకరించుకోలేదు. తెలియనివాళ్ళ పక్కన పెట్టొద్దంది మీ అమ్మ. ఆ ఒక్క షరతు మాత్రం పాటించినట్టయింది.

నీ విషయమై మండల కార్యాలయానికి దిద్దుబాటు పత్రం తీసుకుని వెళ్ళాను. నివేదిక తప్పనీ, తప్పు నాదనీ, పూర్తి వివరాలతో, జావతో సహా రాశాను. అక్కడి గుమాస్తా చదివి నవ్వలేదు. పన్నెండేళ్ళు భయపడింది ఆ నవ్వుకే. అది రానే లేదు. పుస్తకాలు తిరగేసి, "పాక్, ఈ పేరుతో మా దగ్గర ఎవరూ పనిచెయ్యలేదండీ" అన్నాడు. "అయితే తీసేసింది ఎవర్నయ్యా?" అన్నాను. "తీసెయ్యాలంటే ముందు ఉండాలి కదండీ" అన్నాడు. ఆ ఏటి కాగితాలు వరదలో పోయాయట. ఏ వరదో అడిగితే అదీ రికార్డు కాలేదన్నాడు. నీ మీద వేసిన మచ్చ ఇప్పుడు ఏ కాగితం మీదా లేదు. తుడవడానికి నాకు చోటు దొరకలేదు.

కాబట్టి నేను చేయగలిగింది ఒక్కటే మిగిలింది. మీ అమ్మను మీ నాన్న పక్కకు మార్పించడం. ఖోలిల్ అభ్యంతరం లేదన్నాడు. మీ నాన్న పక్కన ఒక మనిషికి చోటుంది. నిజానికి అది నాకోసం కేటాయించుకున్న చోటు. అక్కడ ఎవరున్నారో తెలియక, నీడ బాగుందని ఎంచుకున్నాను. ఖాళీ చేస్తున్నట్టు రాసిచ్చాను. దరఖాస్తు జతపరుస్తున్నాను. వారసుడి సంతకం కావాలి. వారసుడు స్వయంగా హాజరు కావాలని కూడా ఉంది. ఆ నిబంధన పాతదే. నేను చేర్చింది కాదు. నమ్ము.

విగ్న్యో


బాలిక్‌పాపన్
10 జూలై 2011

విగ్న్యో అన్నకు,

దరఖాస్తు సంతకం చేయకుండా తిప్పి పంపుతున్నాను. కోపంతో కాదు.

రెండు విధాలుగా బాగుచేయవచ్చని మీకు మే నెలలో రాశాను. ఇల్లు కదిలించవచ్చు, లేదా చిరునామా దిద్దవచ్చు. అమ్మను కదిలించకండి. ఏడేళ్ళయింది. రుబియాతో ఇరవై ఏళ్ళ తగాదా ఈపాటికి ఏదో ఒక కొలిక్కి వచ్చే ఉంటుంది. ఇప్పుడు లేపి తీసుకెళ్తే, "ఇప్పుడిప్పుడే మాటా మాటా కలుస్తుంటే వచ్చాడండీ సుపుత్రుడు" అంటుంది. ఆమె గొంతు మీకూ తెలుసు.

పట్టిక దిద్దండి. "భర్త సమీపంలో" అన్నది కొట్టేసి, ఎంత దూరమో, ఎటువైపో రాయండి. న్యాద్రన్‌కు మా పిన్ని కూతురు వస్తుంది. ఆమె రెండు చోట్లకూ వెళ్ళగలగాలి. మీ చోటు మీరే ఉంచుకోండి. నాన్నకు మాట్లాడటానికి ఎవరైనా ఉండాలి. ఆయనకు నిబంధనలంటే ఇష్టం.

వస్తావా అని మీరు అడగలేదు. నిబంధన చేత అడిగించారు. ఈ ఏడు రాలేను. వచ్చే ఏడు వస్తానని రాయను. ఒకసారి టికెట్టు కొని ఎక్కనివాడి మాటకు విలువెంతో నాకు తెలుసు. సొరుగులో అచ్చు బొమ్మ పనిచేస్తుందో లేదో మాత్రం న్యాద్రన్‌కు ముందు ఒకసారి చూసుకోండి. అందరూ దాన్నే మరిచిపోతారు.

తుర్ముది


కరంగ్‌సారి
23 జూలై 2011

తమ్ముడు తుర్ముదికి,

అచ్చు బొమ్మను మరిచిపోయాను. దాని గమ్యంలో వరాస్‌కు ఒక అక్షరం తక్కువ కొట్టాను. గురువారం సాయంత్రం నీ ఉత్తరం అందింది, దిద్దాను. నిన్న న్యాద్రన్. నాలుగు బొమ్మలూ నొక్కగానే పలికాయి. నూట అరవైమంది వచ్చి అడిగారు. నీ పేజీలూ నా పట్టికా కలిపి చూసి, నూట అరవైమందికీ చెప్పగలిగాను. ఎవరూ వేరొకరి తాత దగ్గర ఏడవలేదు. గత ఏడాది వాళ్ళు మళ్ళీ వచ్చారు. సరైన తాతను చూపించాను. ఈసారి వాళ్ళు అంతగా ఏడవలేదు. అప్పుడే అయిపోయినట్టుంది.

ముప్పై ఒకటో సంఖ్య ఎదుట ఇప్పుడు ఇలా ఉంది: సాదినెం. భర్త సర్పాన్, సంఖ్య 187, ఇక్కడి నుంచి ఇరవై మూడు అడుగులు దిగువకు, పెద్ద రాయికి ఎడమ పక్క. చోటు తప్పుగా చూపినవారు: విగ్న్యో. సరైన చోటు నమోదు చేసినవారు: తుర్ముది. ప్రోగ్రామ్‌లో అటువంటి గడులు లేవు. వివరణ గడిలో రాశాను. పట్టలేదు. రెండు వరుసలుగా రాశాను.

మీ పిన్ని కూతురు కింద పూలు చల్లి, పైకి వచ్చి చల్లి, రుబియా మీద కూడా కాసిని చల్లింది. "పోనీలే, పక్కింటావిడ" అంది. అందరూ భోజనాలకు దిగిపోయాక నేను ఆ రెండు సమాధులకూ మధ్య నిలబడ్డాను. ఆ రోజు తలుపు దగ్గర నువ్వు పది నిమిషాలు అడిగావు. నేను ముద్ర వేశాను. ఆ పది నిమిషాలు ఎంతసేపుంటాయో ఎప్పుడూ చూడలేదు. నిన్న చేతి గడియారం చూస్తూ నిలబడ్డాను.

చాలాసేపుంటాయి తుర్ముదీ. నీకు అన్నీ దొరికేవి.

విగ్న్యో